ఉడొన్... వాళ్ల సంగటి ముద్ద!

మధ్యాహ్నం ఒంటిగంట. హైటెక్‌సిటీ ఆఫీసుల్లోంచి మెడలో ఐడీ కార్డులతో బయటపడ్డ కుర్రకారుకి రెండు దారులు. జీతం పడ్డ వారమైతే ఏసీ రెస్టారెంటు. నెలాఖరైతే రోడ్డు పక్కన మీల్స్ బండి. ఆ ఏసీ రెస్టారెంట్ల జపనీస్ మెనూల్లో కనిపించే పేరే ఉడొన్. తెల్లగా, లావుగా, నున్నగా ఉండే గోధుమ నూడుల్స్. ధర చూసి అదేదో దొరల తిండి అనుకునేరు! పుట్టినచోట అది అచ్చంగా మన బండి భోజనం లాంటిదే.

చెరువుల సీమ

ఉడొన్‌కు పెట్టింది పేరు కాగవా. జపాన్‌లోని 47 ప్రిఫెక్చర్లలో (మన రాష్ట్రాల్లాంటివి) వైశాల్యంలో అన్నిటికన్నా చిన్నది. దాని పాతపేరు సనుకి. అక్కడ వానలు తక్కువ. అందుకే మన తెలంగాణలోలాగే ఊరూరా చెరువులు తవ్వుకున్నారు. వాటిలో పెద్దదైన మన్నో చెరువును 821లో కూకై అనే బౌద్ధ సన్యాసి బాగుచేయించాడు. చైనా నుంచి ఉడొన్ తెచ్చిందీ ఆయనేనని స్థానికులు కథగా చెప్పుకుంటారు.

వరి కోశాక అదే పొలంలో గోధుమ వేసేవారు. ఉప్పుకీ చేపలకీ పక్కనే సముద్రం. ఇంకేం, ఉడొన్ ఇంటింటి వంటయింది. రాయలసీమకు రాగిసంగటి ఎలాగో వాళ్లకిది అలా! నాట్లు పూర్తయ్యాక సాయపడ్డవాళ్లకు ఉడొన్ వండిపెట్టే ఆచారం ఉండేది. దాని గుర్తుగానే 1980 నుంచి జులై 2ని ‘ఉడొన్ దినం’గా జరుపుకుంటున్నారు.

మీ గిన్నె మీరే...

పల్లెల్లోని చాలా ఉడొన్ హోటళ్లు ఒకప్పుడు నూడుల్స్ తయారుచేసి అమ్మే చిన్న కార్ఖానాలే. కొన్నిటికి బోర్డు కూడా ఉండదు. గోధుమపిండి, ఉప్పు, నీళ్లు... ముడిసరుకు ఇంతే. ముద్దను గుడ్డలోనో కవర్లోనో చుట్టి కాళ్లతో తొక్కుతారు. నాననిచ్చి, కర్రతో ఒత్తి, కత్తితో కోస్తారు. ఉడికించి చన్నీళ్లలో కడిగితే పంటికింద సాగే బిగువు వస్తుంది. ఆ బిగువుని బట్టే హోటల్‌కి పేరు.

లోపలికెళ్లి ఎన్ని ఉండలు కావాలో చెబితే గిన్నెలో వేసిస్తారు. జల్లిగంటెలో పెట్టి వేణ్నీళ్లలో ముంచుకోవడం, కుళాయి తిప్పి వేడి చారు పట్టుకోవడం, ఉల్లికాడలు చల్లుకోవడం... అన్నీ మన పనే. పక్కన టెంపురా, అంటే వాళ్ల బజ్జీలన్నమాట. జుర్రుమని చప్పుడు చేస్తూ తిన్నా ఎవరూ ఏమీ అనుకోరు. పది నిమిషాల్లో భోజనం ఐపోతుంది. గిన్నె మనమే తిరిగిచ్చేసి రావాలి. ఒక ఉండ గిన్నె ఖరీదు మూడు నాలుగు వందల యెన్లు. మన లెక్కలో రెండొందల రూపాయల చుట్టూ. పెరట్లోకెళ్లి ఉల్లికాడలు కోసుకురమ్మనే హోటల్ గురించి ప్రముఖ రచయిత హరుకి మురకామి కూడా రాశాడు.

శాకాహారులకో మాట. ఆ చారు ఎండుచేపలతో కాచింది. ఇక్కడ తిన్నా అడిగి మరీ తినండి.

బండికీ ఓ గౌరవం

2011లో కాగవా ప్రభుత్వం ‘మా పేరు ఉడొన్ ప్రిఫెక్చర్‌గా మార్చుకుంటున్నాం’ అంటూ సరదాగా ప్రచారం మొదలుపెట్టింది. ఫలానా గుడి, ఫలానా కోట అనకుండా పల్లె హోటల్ గిన్నెనే తన గుర్తుగా చూపించుకుంది!

మరి మన దగ్గర? 2024 జనవరిలో మాదాపూర్‌లో ‘కుమారి ఆంటీ’ మీల్స్ బండికి జనం పోటెత్తారు. ట్రాఫిక్ ఆగిపోతోందని పోలీసులు బండి తీయించారు. చివరికి ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కల్పించుకుని అక్కడే అమ్ముకోనివ్వమని చెప్పాల్సి వచ్చింది. పేరొచ్చిన బండి కాబట్టి సరిపోయింది. పేరు లేనివాళ్ల మాటేమిటి? వీధివ్యాపారుల రక్షణకు 2014లోనే చట్టం వచ్చింది. వాళ్లకంటూ చోటు కేటాయించాలనీ, గుర్తింపు పత్రాలివ్వాలనీ అది చెబుతోంది.

రోడ్డు అందరిదీ, నిజమే. కానీ తెల్లవారుజామునే లేచి పప్పూ, పులుసూ, వేపుడూ వండుకొచ్చి వేలమంది ఆకలి తీరుస్తున్నవాళ్లూ ఆ ‘అందరి’లోవాళ్లే కదా. జాగా, నీళ్లు, చెత్తబుట్ట... ఇవి సమకూరిస్తే చాలు, పరాయి ఊరివాళ్లు వెతుక్కుంటూ వచ్చి తినే రుచులు మనకీ తక్కువేం లేవు!