పూట, గుత్త, కాలముద్ర: పనివేళల నమోదులో సాఫ్ట్‌వేర్ - ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ప్రాంతాల నేపథ్యం

వ్యాససంగ్రహం:
పనికి వెచ్చించిన కాలాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా నమోదు చేసే పద్ధతి కంపెనీ కార్యాలయాలను దాటి ఉపాధిహామీ పనులకూ కళాశాలలకూ విస్తరించింది. ఈ నమోదు 'హాజరు'ను కొలుస్తుంది. దానిని 'పని'గా చదివినప్పుడు కూలిలోనూ గుర్తింపులోనూ నష్టం కలుగుతుంది. గోదావరి పశ్చిమ డెల్టాలోని శ్రమ పదజాలాన్ని ఆధారంగా చేసుకొని ఈ తేడాను వివరించడం వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: పూట, గుత్త, హాజరు, మస్టరు, కాలముద్ర, ఉపాధిహామీ, కొల్లేరు, పనిభారం.

1. ఉపోద్ఘాతం:
2022 ఏప్రిల్ 4న ఏలూరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరి జిల్లాలోనే కొనసాగింది. పాలనాపరంగా విడిపోయినా ఈ రెండు పట్టణాలనూ, వాటికి దిగువన ఉన్న కొల్లేటి ప్రాంతాన్నీ కలిపేది అక్కడి శ్రమ జీవితం. వరిచేను, పంటకాలువ, చేపల చెరువు, ఉల్లి మార్కెట్, కళాశాల - వీటిలో ఒక్కొక్క చోట కాలాన్ని ఒక్కొక్క తీరుగా లెక్కిస్తారు. వీటన్నిటికీ ఒకే గడియారాన్ని వర్తింపజేస్తే ఏమవుతుందన్నది ఇక్కడి ప్రశ్న.

2. పనికాలానికి తెలుగు కొలతలు:
సంప్రదాయ గణనలో రోజుకు 60 గడియలు. గడియకు 24 నిమిషాలు, జాముకు మూడు గంటలు. కూలి వ్యవహారంలో మాత్రం ఈ సూక్ష్మమైన లెక్క కనిపించదు. అక్కడ వాడుకలో ఉన్నవి 'పూట', 'అరపూట', 'రోజుకూలి', పాలేరు విషయంలో 'ఏడాది జీతం'. ఇవి కాలాన్ని ఆధారం చేసుకొన్న కొలతలు. ఊడ్పులు, కోతలు ఎకరం లెక్కన ఒప్పుకొంటే అది 'గుత్త'. మార్కెట్‌లో ముఠా కూలీలకు బస్తా లెక్క. ఇవి పరిమాణాన్ని ఆధారం చేసుకొన్న కొలతలు. ఉర్దూ ద్వారా వచ్చిన 'హాజరు', 'నాగా' అనే మాటలు, ఇంగ్లీషు నుంచి వచ్చిన 'మస్టరు' రాని రోజును, వచ్చిన రోజును చెబుతాయే గాని చేసిన పనిని చెప్పవు. అంటే కాలం, పరిమాణం, హాజరు అనే మూడింటినీ వ్యవహార భాష ముందే వేరు చేసి పెట్టింది.

చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1967లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో పనిని బట్టి సాగే కాలానికీ, గడియారాన్ని బట్టి సాగే పనికీ మధ్య భేదాన్ని చర్చించాడు. ఇంగ్లండు కర్మాగారాల చరిత్ర నుంచి ఆయన తీసిన ఈ భేదం 'గుత్త', 'పూట' అనే రెండు మాటల్లో తెలుగు పాఠకునికి సులభంగా బోధపడుతుంది.

3. సాఫ్ట్‌వేర్ నమోదు చేసేది ఏమిటి?
పనికాలాన్ని నమోదు చేసే సాఫ్ట్‌వేర్లు స్థూలంగా మూడు రకాలు. మొదటి రకంలో ఉద్యోగి తానే పని పేరు రాసి, మొదలుపెట్టిన వేళను, ముగించిన వేళను గుర్తిస్తాడు. రెండవ రకం కంప్యూటరులో కీబోర్డు, మౌస్ కదలికలను, తెరమీది చిత్రాలను తానే సేకరిస్తుంది. మూడవ రకం ముఖం, వేలిముద్ర, ఫొటో, స్థలసూచికల ద్వారా మనిషి ఫలానా వేళకు ఫలానా చోట ఉన్నాడని ధ్రువీకరిస్తుంది. ప్రతి నమోదుకూ పడే తేదీ, వేళల గుర్తును 'కాలముద్ర' అనవచ్చు. మొదటి రకం ఉద్యోగి చెప్పిన మాటను, రెండవది యంత్రపు కదలికను, మూడవది ఉనికిని నమోదు చేస్తాయి. పని ఎంత జరిగింది, ఎలా జరిగింది అన్నది ఏ కాలముద్రలోనూ నేరుగా ఉండదు. దానిని మరొకరు ఊహించి చేర్చవలసిందే.

4. ఉపాధిహామీ: రెండు ఫొటోలు, ఒక కొలత:
జాతీయ గ్రామీణ ఉపాధిహామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమై, 2008 ఏప్రిల్ నుంచి దేశంలోని గ్రామీణ జిల్లాలన్నిటికీ విస్తరించింది. హాజరు కోసం 2021 మే నెలలో కేంద్రం 'నేషనల్ మొబైల్ మానిటరింగ్ సిస్టమ్' అనే యాప్‌ను తెచ్చింది. 20 మంది, అంతకు మించి కూలీలున్న చోట్ల 2022 మే 16 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా అన్ని చోట్లా 2023 జనవరి 1 నుంచి దానిని తప్పనిసరి చేశారు. పనిచోట హాజరుతో పాటు ఒక ఫొటో, నాలుగు గంటల తరువాత మరొక ఫొటో తీసి పంపాలని నిబంధన పెట్టారు.

2005 చట్టపు మొదటి షెడ్యూలులో పనిదినాన్ని గురించిన నిబంధన దీనికి భిన్నమైన దృష్టితో రూపొందింది. గంట విశ్రాంతితో కలిపి ఎనిమిది గంటలు పనిచేసిన వ్యక్తికి నిర్ణీత కూలి గిట్టుబాటయ్యేలా పని రేట్లు ఉండాలని, విరామంతో కలిపి పన్నెండు గంటలు మించకుండా పనివేళలను సడలించుకోవచ్చని అది చెప్పింది. వేసవిలో కాలువల పూడిక తీసే కూలీలు తెల్లవారకముందే పనిలోకి దిగి, ఎండ ముదరకముందే గుత్త పద్ధతిలో ముగించగలరు. అయితే పని ముగిసినా రెండవ ఫొటో కోసం ఆగవలసి వస్తే చట్టం ఇచ్చిన సడలింపును యాప్ తిరిగి తీసుకొన్నట్టే.

ఇంతకంటే లోతైన చిక్కు కూలి లెక్కలో ఉంది. బృందం తవ్విన మట్టిని కొలిచి, దానిని బట్టి వచ్చిన మొత్తాన్ని హాజరు ప్రకారం పంచుతారు. మొత్తాన్ని తేల్చేది పరిమాణం, వాటాను తేల్చేది హాజరు. సిగ్నల్ అందక ఒక కూలీ హాజరు చేరలేదనుకొందాం. ఆమె తవ్విన మట్టి కొలతలో ఉంటుంది. ఆమె పేరు మాత్రం పంపకంలో ఉండదు. ఆమె శ్రమ లెక్కకు వచ్చి, ఆమె లెక్కకు రాకుండా పోతుంది. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని జంతర్‌మంతర్ వద్ద ఉపాధి కూలీలు మొదలుపెట్టిన దీర్ఘకాల ధర్నాలో ఈ యాప్ రద్దు ప్రధానమైన కోరికలలో ఒకటి.

మరోవైపు, దొంగ మస్టర్లను అరికట్టాలన్న ఉద్దేశాన్ని తోసిపుచ్చలేం. లేని కూలీ పేరుతో సొమ్ము డ్రా చేస్తే నష్టపోయేదీ పేదలే. కానీ ఫొటోను మళ్లీ ఫొటో తీసి పంపడం వంటి అక్రమాలను 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ప్రస్తావించింది. కాలముద్ర ఉన్నంత మాత్రాన నిజం రుజువు కాదనడానికి ఇది నిదర్శనం.

5. చెరువుగట్టు మీది కాలం:
కొల్లేటి చుట్టుపక్కల చేపల చెరువుల్లో నీటిలో కరిగివున్న ప్రాణవాయువు తెల్లవారుజామున బాగా తగ్గుతుంది. ఆ వేళ చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయా అని కనిపెట్టి చూడటం కాపలా మనిషి పని. రాత్రంతా ఏ కదలికా లేకపోవచ్చు. ఏరేటర్లు వేయవలసిన అరగంటను గుర్తించడానికే మిగిలిన రాత్రి మేల్కొని ఉండాలి. కదలికను కొలిచే సాఫ్ట్‌వేర్‌కు ఆ రాత్రి ఖాళీగా కనిపిస్తుంది. అలాగే పట్టుబడి రోజున పనివేళను నిర్ణయించేది గడియారం కాదు. వల, మంచు, లారీ బయలుదేరే సమయం. ఇక్కడ కనిపెట్టుకొని ఉండటమే పని.

6. అధ్యాపకుని నలభై గంటలు:
ఈ సమస్య విద్యారంగానికీ వర్తిస్తుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనల ప్రకారం ఏడాదిలో 30 పనివారాలు, 180 బోధన దినాల పాటు అధ్యాపకుని పనిభారం వారానికి 40 గంటలకు తగ్గకూడదు. రోజుకు కనీసం 5 గంటలు సంస్థలో అందుబాటులో ఉండాలి. ప్రత్యక్ష బోధన సహాయాచార్యునికి 16 గంటలు, సహాచార్య, ఆచార్యులకు 14 గంటలు. వారానికి ఆరు రోజుల లెక్కన తప్పనిసరి ఉనికి 30 గంటలు. మిగిలిన 10 గంటలు సంస్థకు వెలుపల కూడా సాగవచ్చునని ఈ అంకెల్లోనే ఉంది.

బయోమెట్రిక్ హాజరు రాకపోకలను మాత్రమే చూస్తుంది. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఒక అధ్యాపకుడు ఇంటివద్ద జవాబుపత్రాలు దిద్దినా, పరిశోధక విద్యార్థి అధ్యాయాన్ని సరిచూసినా, తాళపత్ర ప్రతిలోని ఒక పాఠాంతరం కోసం పూటంతా వెచ్చించినా ఆ యంత్రానికి తెలియదు. పనివారీగా నమోదు చేసే మొదటి రకం సాఫ్ట్‌వేర్‌ను అధ్యాపకుడు స్వయంగా వాడుకొంటే ఈ కనబడని గంటలకు ఆధారం దొరుకుతుంది. అదే నమోదును పైఅధికారి తనిఖీ కోసం అడిగితే నిజాయితీకి బదులు గంటలు నింపడం మొదలవుతుంది. ఒకే పరికరం ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి దాని స్వభావం మారుతుంది.

7. ముగింపు:
పై పరిశీలన మూడు సూచనలకు దారితీస్తుంది.
1. హాజరు పట్టికను హాజరు పట్టికగానే చదవాలి. పనికి వేరే కొలత ఉండాలి.
2. నమోదైన వివరం ఏ రోజుకారోజు కూలీకి తెలుగులో, చేతికందే చీటీగా చేరాలి. అభ్యంతరం చెప్పే అవకాశం లేని నమోదు సాక్ష్యం కాజాలదు.
3. సాంకేతిక లోపం వల్ల నమోదు తప్పితే నిరూపించవలసిన భారం వ్యవస్థ మీద ఉండాలి గాని పనిచేసిన మనిషి మీద కాదు.

పూట, గుత్త, హాజరు అనే మాటలను ఈ ప్రాంతపు కూలీలు ఒకదానికి బదులు మరొకటి వాడరు. పనికాలాన్ని నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌ను రూపొందించేవారు, దాని లెక్కలను బట్టి నిర్ణయాలు తీసుకొనేవారు మొదట గ్రహించవలసింది ఈ విచక్షణనే. తెలుగు శ్రమ పదజాలం మీద జరిగే పరిశోధన ఆ మేరకు విధాన రూపకల్పనకూ ఉపయోగపడుతుంది.