తాళాలగుత్తి ఎవరితో మాట్లాడుతోంది?
అశోక్‌నగర్‌లో చదివే పిల్లలు, ఊళ్లో ఉన్న తల్లిదండ్రులు తెలుసుకోదగిన సంగతి

కాచిగూడ: పాలమూరు వైపు నుండి వచ్చే రైలు కాచిగూడలో ఆగగానే సంచులు భుజాన వేసుకొని దిగేవారిలో మన జిల్లా కుర్రాళ్లు ఎందరో ఉంటారు. 1916లో నిజాం కాలంలో కట్టిన ఈ స్టేషను నుండి నారాయణగూడ మీదుగా చిక్కడపల్లి, అశోక్‌నగర్ చేరితే అదంతా సర్కారు కొలువు కోసం చదివేవారి లోకమే. కోచింగు సెంటర్లు, ఇరుకు హాస్టళ్లు, జిరాక్సు దుకాణాలు, నగర కేంద్ర గ్రంథాలయం. ఒక్కొక్కరి ఫీజు వెనుక ఊళ్లో అమ్ముకున్న గేదెలో, కుదువ పెట్టిన బంగారమో ఉంటుంది.

ఈనాడు దరఖాస్తు, హాల్‌టికెట్టు, సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్పు, బ్యాంకు అన్నీ సెల్‌ఫోనులోనే. ప్రతిదానికీ ఒక పాస్‌వర్డు కావాలి. అన్నింటికీ ఒకే మాట పెట్టుకుంటే ఒకచోట పోయిందంటే అన్నిచోట్లా పోయినట్టే. నోటు పుస్తకంలో రాసుకుంటే పక్క మంచం వాడి కంట పడుతుంది. అందుకే చాలామంది ‘పాస్‌వర్డ్ మేనేజర్’ అనే యాప్‌ను వాడుతున్నారు. ఇది తాళాలగుత్తి వంటిది. అన్ని పాస్‌వర్డులనూ ఒక పెట్టెలో భద్రపరుస్తుంది. ఆ పెట్టెకున్న ఒక్క పెద్ద పాస్‌వర్డును మనం గుర్తుంచుకుంటే చాలు.

తెరవకుండానే కబుర్లా?

ఏ యాప్ ఎప్పుడు ఎవరితో సంబంధం పెట్టుకుంటున్నదో చూపే నెట్‌గార్డ్ వంటి యాప్‌లు కూడా ఉన్నాయి. దాన్ని వేసి చూసిన కుర్రవాడికి ఒక వింత కనిపించవచ్చు. తాళాలగుత్తి యాప్‌ను ఆ రోజు తెరవనే లేదు. అయినా అది పేరు తెలియని నాలుగైదు చోట్లకు కబురు పంపుతున్నది. పాస్‌వర్డులన్నీ ఎవరికో చేరిపోతున్నాయా అని గుండె గుభేలుమంటుంది. భయం సహజమే. కాని యాప్ పంపే ప్రతి కబురూ దొంగ కబురు కాదు.

మొదటిది, పెట్టె నకలు. ఫోను పోయినా పాస్‌వర్డులు పోకుండా యాప్ తాళం వేసిన పెట్టెను తన కంపెనీ కంప్యూటరులో దాస్తుంది. తాళంచెవి మన దగ్గరే ఉంటుంది.

రెండవది, కొత్త రకం యాప్ విడుదలైందా అని అడగడం, యాప్ చెడిపోతే ఆ సంగతి తెలియజేయడం.

మూడవది, బొమ్మలు. బ్యాంకు పేరు పక్కన బ్యాంకు గుర్తు, కమిషన్ పేరు పక్కన దాని గుర్తు కనబడాలంటే వాటిని ఎక్కడి నుండో తేవాలి. దీనివల్ల పాస్‌వర్డు బయటపడదు. కాని మనకు ఏయే చోట్ల ఖాతాలున్నాయో ఆ బొమ్మలిచ్చేవారు ఊహించగలరు.

నాలుగవది, మన పాస్‌వర్డు ఇదివరకే దొంగల చేత పడిందా అని సరిచూడడం. ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా నిపుణుడు బయటపడిన పాస్‌వర్డుల జాబితాను 2017 నుండి అందరికీ అందుబాటులో ఉంచాడు. 2018లో వచ్చిన పద్ధతి ప్రకారం యాప్ పాస్‌వర్డును అక్కడికి పంపదు. దాన్ని 40 అక్షరాల గుర్తుగా మార్చి, మొదటి 5 అక్షరాలు మాత్రమే పంపుతుంది. వాటితో మొదలయ్యే గుర్తులన్నీ తిరిగి వస్తాయి. మనది అందులో ఉందో లేదో ఫోనే వెతుక్కుంటుంది. ఇంటి నెంబరు చెప్పకుండా వీధి పేరే చెప్పి, ఆ వీధి ఉత్తరాలన్నీ తెప్పించుకొని మన ఉత్తరం మనమే ఏరుకున్నట్టు.

అనుమానించవలసినవీ కద్దు

అలాగని అంతా నమ్మి ఊరుకోరాదు. లాస్ట్‌పాస్ అనే పేరున్న యాప్‌లో, వాడకాన్ని గమనించి ఇతరులకు చేరవేసే సాధనాలు 7 ఉన్నట్లు 2021లో బయటపడింది. 2022లో దొంగలు అదే కంపెనీ దాచిన ఖాతాదారుల పెట్టెల నకళ్లను ఎత్తుకుపోయారు. పాస్‌వర్డులకు తాళం ఉంది గాని, ఏయే వెబ్‌సైట్లలో ఖాతాలున్నాయో ఆ చిరునామాలకు తాళం లేదు. పెద్ద పాస్‌వర్డు బలహీనంగా పెట్టుకున్నవారి పెట్టెలకు ముప్పు ఇంకా ఎక్కువ.

కాబట్టి ముందు యాప్ సెట్టింగులు తెరచి చూడాలి. బొమ్మలు తెప్పించడం, వాడకం వివరాలు పంపడం అవసరం లేదనుకుంటే ఆపివేయాలి. కబురు వెళ్లిన చోటు పేరు ఆ కంపెనీ సహాయ పుటల్లో ఉందేమో చూసుకోవాలి. ఎక్కడా వివరం లేకపోతే ఆ యాప్‌ను మార్చడమే మేలు. నెట్‌తో పని లేని యాప్‌లు కూడా ఉన్నాయి. కీపాస్‌టుఆండ్రాయిడ్ ఆఫ్‌లైన్ అటువంటిది. అయితే ఫోను పోతే పెట్టె కూడా పోతుంది. దాని నకలు ఇంకొకచోట దాచుకోవలసిన బాధ్యత మనదే. పెద్ద పాస్‌వర్డు నాలుగైదు మాటల పొడవుండాలి. పుట్టినతేదీ, ఊరిపేరు పెట్టరాదు.

ఒక తాళం విలువ ఎంతో అశోక్‌నగర్‌కు వేరే చెప్పనక్కరలేదు. 2022 అక్టోబరు 16న రెండున్నర లక్షల మందికి పైగా రాసిన గ్రూపు-1 ప్రిలిమినరీ పరీక్ష 2023 మార్చి 17న రద్దయింది. కమిషన్ కార్యాలయపు కంప్యూటరు నుండే ప్రశ్నపత్రాలు బయటికి పోయాయని దర్యాప్తు అధికారులు ప్రకటించారు. చదివినవారి కష్టం, పంపినవారి అప్పు ఒక్క పూటలో నీళ్లపాలయ్యాయి.

ఊళ్లోని తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లవాడి పేరు చెప్పి ఎవరైనా ఫోనులో ఓటీపీ గాని, పాస్‌వర్డు గాని అడిగితే చెప్పకండి. ఫోను పెట్టేసి, ముందు పిల్లవాడికే ఫోను చేసి అడగండి. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి. తాళాలగుత్తి ఎంత మంచిదైనా, చెవి మన చేతిలో ఉన్నంతవరకే ఇంటికి రక్ష.