యంత్రం పేర్చే బొమ్మల కొలువులో పేట పేరుంటుందా?

జగ్గయ్యపేట: ఆకాశం నుంచి నాణేలు వానగా కురుస్తుండగా చేయెత్తి నిలబడిన మాంధాత చక్రవర్తి, ఆయన చుట్టూ రాణి, మంత్రి, ఏనుగు, గుర్రం, చక్రం. రెండు వేల ఏళ్ళ నాటి ఈ శిల్పం జగ్గయ్యపేట ధనంబోడుపై దొరికినదే. కానీ నేడు దానిని చూడాలంటే పేట ప్రజలు చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంకు వెళ్ళవలసి ఉన్నది.

ధనంబోడుపైని బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ అనే అధికారి తవ్వించి పరిశీలించారు. అప్పటికే చాలా రాళ్ళు కట్టడాల కోసం తరలిపోయాయి. మిగిలిన వాటి వివరాలను ఆయన 1887లో అమరావతి స్తూపంతో కలిపి ఒకే గ్రంథంగా వెలువరించారు. నందిగామ ప్రాంతంలోని గుమ్మడిదుర్రులోనూ 1920లలో తవ్వకాలు జరిగి బౌద్ధ శిల్పాలు బయటపడ్డాయి.

ఇంట్లోనే ప్రదర్శన

ఊరు దాటిన శిల్పాలను ఊళ్ళోనే చూసే వీలు ఇప్పుడు కలుగుతున్నది. మ్యూజియంలు తమ వస్తువులను ఫోటోలు తీయించి కంప్యూటర్లకు ఎక్కిస్తున్నాయి. సెల్‌ఫోను ఉన్నవారు ఇంట్లో కూర్చునే ఆ ప్రదర్శన చూడవచ్చు. వేలకొద్దీ బొమ్మల్లో వేటిని ఎంచాలి, దేని పక్కన దేనిని ఉంచాలి అనే పనిని ఇప్పుడు కృత్రిమ మేధకు కూడా అప్పగిస్తున్నారు.

సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇల్లాలు మెట్ల మీద బొమ్మలను వరుస చూసి పేర్చినట్టే యంత్రమూ పేరుస్తుంది. ప్రతి ఫోటోను అంకెలుగా మార్చుకుని, పోలికలున్న వాటిని ఒక చోటికి చేరుస్తుంది. బొమ్మకు తగిలించిన చీటీలోని రాతను కూడా చదువుకుంటుంది. అయితే ఇల్లాలికి ఏ బొమ్మ పుట్టింటిదో, ఏది తిరునాళ్ళలో కొన్నదో తెలుసు. యంత్రానికి చీటీలో ఉన్నదే తెలుసు.

అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయపు నాషర్ మ్యూజియం 2023లో ఈ ప్రయోగం చేసింది. తన కళాఖండాల జాబితా నుంచి ఒక ప్రదర్శనకు కావలసిన వాటిని ఎంచమని చాట్ జీపీటీని కోరింది. అది ఎంపిక చేసింది, వివరణలూ రాసింది. కానీ కొన్ని వస్తువుల వివరాలను తప్పుగా చెప్పింది.

చీటీ తప్పితే ఊరు తప్పుతుంది

పేటకు ఉన్న చిక్కు ఇక్కడే. ధనంబోడు శిల్పాలను పండితులు అమరావతి శైలి కిందనే లెక్కిస్తారు. చీటీలో అంతవరకే రాసి ఊరి పేరు వదిలేస్తే, యంత్రం వాటిని అమరావతి వరుసలో కలిపేయగలదు. ఒకసారి అలా కలిసిన తప్పు లక్షల మంది చూసే తెరపై నిజమై కూర్చుంటుంది.

ఈ జాగ్రత్త పూర్వులకు తెలియనిది కాదు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, ఇదే స్తూపం తూర్పు ద్వారం వద్ద సిద్ధార్థుడు అనే శిల్పి అయిదు ఆయక స్తంభాలు నిలిపాడు. తన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు, ఇచ్చిన దానం అన్నీ రాతిపై చెక్కించాడు. పదిహేడు వందల ఏళ్ళు గడిచినా ఆయన ఎవరో నేటికీ తెలుస్తున్నదంటే ఆ చీటీ వల్లనే.

చేయవలసినది

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల నుంచి వెళ్ళిన ప్రతి శిల్పానికీ దొరికిన ఊరు, దిబ్బ పేరు, సంవత్సరం తెలుగులోనూ నమోదు చేయించవలసిన బాధ్యత పురావస్తు శాఖపై ఉన్నది. గ్రామస్థుల వంతు కూడా లేకపోలేదు. దుక్కిలోనో పునాదిలోనో పాత రాయి బయటపడితే దాన్ని కదిలించకుండా ఉన్నచోటనే ఫోటో తీసి తహసీల్దారుకు తెలపాలి. భూమిలో దొరికిన నిధి గురించి కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టమే చెబుతున్నది. ఏ రాయి ఎక్కడ ఉండేదో ఎరిగిన పెద్దల మాటను బడిపిల్లలు రాసి ఉంచినా మేలే.

రాళ్ళు ఎలాగూ ఊరు దాటిపోయాయి. వాటి వెంట ఊరి పేరైనా నిలబడాలి.