శబ్దసామ్యము, వంశసామ్యము

రెండు భాషలలో ఒకే రూపమును ఒకే అర్థమును గల మాట కనబడినంతనే, ఆ భాషలకు చుట్టరికమైనను, ఎరువు తెచ్చుకొన్న సంబంధమైనను ఉండితీరునని తలంచుట సహజము. ఆ తలంపు ఎంత బలహీనమో తెలుపు దృష్టాంతము ఆస్ట్రేలియాలో కలదు.

క్వీన్స్‌లాండ్ రాష్ట్రమున, కెయిన్స్ పట్టణమునకు నైరుతిగా, ఆదిమవాసులు మాట్లాడిన భాష మ్బబరమ్. 1960 దశకమున భాషాశాస్త్రజ్ఞుడు ఆర్. ఎం. డబ్ల్యు. డిక్సన్ ఆ భాష నెరిగిన కొలదిమందిలో నొకరగు ఆల్బర్ట్ బెన్నెట్ అను వృద్ధు నాశ్రయించి మాటలు సేకరింపబూనగా, కుక్కను తమవారు ‘డొగ్’ అందురని ఆయన చెప్పెను. ఇంగ్లీషు ‘డాగ్’ ఇచ్చటికి వలసవచ్చినదని ఎవరికైనను తోచును. కాని పొరుగు భాషయగు యిడిన్‌లో కుక్కకు ‘గుడగ’ అనియు, జిర్బల్‌లో ‘గుడ’ అనియు పేర్లు. మ్బబరమ్‌లో గకారాది పదముల రెండవ యక్షరమందలి అకారము ఒకారముగా మారినది. పిమ్మట పదముల మొదలు లోపించినది. ఈ మాటలో తుది అచ్చును పోయినది. అట్లు ‘గుడగ’యే ‘డొగ్’గా మిగిలినది. ఇంగ్లీషుతో పోలిక కేవలము కాకతాళీయము.

ఇట్టి మార్పు మనకు వింత కాదు. తమిళమున ‘ఇరండు’లో నిలిచిన తొలి అచ్చు తెలుగున లోపించి ‘రెండు’ అయినది. కన్నడిగులు ‘కివి’, ‘కెదరు’ అనుచోట మనము ‘చెవి’, ‘చెదరు’ అందుము. రూపములు వేరైనను, ఆ భేదము ఒక నియమమునకు లోబడియుండుటయే వంశసామ్యమునకు సాక్ష్యము. యూరపులోను ఇంతియే: డేనిష్ ‘బార్న్’ అనగా బిడ్డ, ఇంగ్లీషు ‘బార్న్’ అనగా ధాన్యపు కొట్టము, వీనికి బంధుత్వము లేదు. డేనిష్‌వారు ఏ కుక్కకైనను వాడు ‘హుండ్’కును, ఇంగ్లీషులో వేటకుక్కకు పరిమితమైన ‘హౌండ్’కును మాత్రము మూలమొక్కటే.

1856లో ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణమును వెలువరించిన కాల్డ్వెల్ మహాశయుడు మన సర్వనామములకును ఆస్ట్రేలియా భాషల సర్వనామములకును పోలిక కలదనెను. ఆ ఊహ మనోహరమే. అయినను ధ్వనుల నడుమ క్రమబద్ధమైన అనుగుణ్యము నిరూపితము కాలేదు గనుక, శాస్త్రజ్ఞులు దానిని సిద్ధాంతముగా గ్రహింపలేదు.

పొరుగు భాషల మాటలు నమోదై యుండుటచేతనే ‘డొగ్’ జన్మరహస్యము తేలినది. అవియు అంతరించియున్నచో ఆ మాట ఇంగ్లీషు ఖాతాలోనే పడియుండెడిది. కావున మన కొలామీ, కొండ, గదబ భాషల పెద్దలు జీవించియుండగానే వారి మాటలను శ్రద్ధతో వ్రాసికొనుట మన తరము వాయిదా వేయరాని విధి.