చెంచా చెక్కు చేతిని అడుగుడు

1514వ సంవత్సరమున కృష్ణదేవరాయలు గజపతులనుండి గైకొనిన దుర్గమును చూడ ఉదయగిరికి వచ్చువారిలో పెక్కుమంది, కొండ దిగిన పిమ్మట చెక్క చెంచాలు, గరిటెలు కొనుక్కొని పోవుదురే గాని, వానిని చెక్కిన వారితో నాలుగు మాటలాడి పోవువారు అరుదు. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ హస్తకళ అచ్చటి కొన్ని కుటుంబములలో తరతరములుగా నడచుచున్నది. దీనినే జీవికగా చేసికొనదలచిన యువకునకు తెలియవలసిన సంగతులు ఏ శిక్షణాలయపు కరపత్రమునందును దొరకవు. ఆ పనివారి అరుగుమీదనే దొరకును.

అచ్చట అడుగవలసిన ప్రశ్నలు మిక్కిలి చిన్నవి. "అన్నా, ఈ కర్ర యాడనుంచి తెస్తారు? పచ్చిగా ఉండంగానే చెక్కుతారా, ఆరినాకనా? చెక్కతా ఉంటే పగిలిపోతే నష్టం ఎవరిది?" అని వినయముగా మొదలుపెట్టినచో, పని తెలిసినవాడు మాటతో సరిపెట్టక, బాడిసతో ముక్కకు ఆకారము తెచ్చి, ఉలితో గుంట తొలిచి, ఆకురాయితో అంచు రుద్ది చూపును; గుంట ఎంత లోతున ఉలి ఆపవలెనో, ఆపకున్న చెంచా అడుగు ఎట్లు చిల్లిపడునో కన్నులారా చూచినవానికి ఆ వృత్తియందు తనకుండవలసిన ఓర్పు ఎంతటిదో తేటపడును. అయితే అంగడివాని మాటతో తృప్తిపడరాదు. అమ్మకపు ధర అతనికి తెలియును, చేతికి మిగులు కూలి చెక్కినవారికే తెలియును. ఈ పనిలో స్త్రీల పాలు కూడ గణనీయము గనుక, ఇంటిలోని అమ్మను అడుగక వచ్చినవాడు సగమే విని వచ్చినవాడు.

కోరిన వృత్తిలోనున్న వారినే ఆశ్రయించి తెలిసికొను ఈ పద్ధతికి పాశ్చాత్యలోకమున ప్రచారము తెచ్చినవారిలో రిచర్డ్ బోల్స్ అను అమెరికా క్రైస్తవ మతాచార్యుడు ముఖ్యుడు. కొలువులు పోగొట్టుకొనుచున్న తోడి మతాచార్యులకొఱకు ఆయన 1970లో ఒక పుస్తకమును స్వయముగా అచ్చు వేయించెను. మనకు మాత్రము ఇది నేటి మాట గాదు. ప్రశ్నోపనిషత్తునందు ఆర్గురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టి పిప్పలాద మహర్షికడ కేగగా, ఆయన ఒక సంవత్సరము నియమముతో వసించి, అటుపిమ్మట అడుగుడని ఆనతిచ్చెను. నేటి ఉద్యోగి అంత కఠినుడు గాడు; ముందుగా అనుమతి గోరినచో అరగంట తీరిక చేసికొనును.

ఆత్మకూరు ప్రాంతపు విద్యార్థి నీటిపారుదల ఇంజనీరు కాగోరుట సహజమే, ఇంచుమించు 78 టీఎంసీల సోమశిల జలాశయమును, 2022లో ప్రారంభమైన సంగం బ్యారేజిని చూచుచు పెరిగినవాడు గదా! అతడు ఇంజనీరును జీతమెంతయని అడుగుటలో సిగ్గుపడనక్కరలేదు గాని, అది కడపటి ప్రశ్న కావలెను. 2021 నవంబరులో పెన్న పొంగి పొరలినప్పుడు గేట్లు ఎత్తు నిర్ణయము ఎవరెవరి చేతులమీదుగా సాగెను, దిగువ గ్రామములకు కబురు ఎట్లు పోయెను, వాన లేని నెలలలో దినమంతయు కాగితములతోనే గడచునా, పంటకాలువ కడ రైతులు తగవుపడినప్పుడు ఎవరు సర్దిచెప్పుదురు అని అడిగిన వానికి ఆ కొలువు అసలు స్వరూపము కనబడును. విన్నది అచ్చటనే వ్రాసికొనవలెను. పని విసిగించిన దినమున మాటలాడినవాడు దోషములనే చెప్పును, గర్వించినవాడు గుణములనే చెప్పును. కావున మరి ఇద్దరినైన కలిసికొనక నిశ్చయమునకు రాదగదు. ఇక ఆ పరిచయమును ఆసరాగా గొని వెంటనే ఉద్యోగమిప్పింపుమని చేయి చాచుట మర్యాద గాదు. అటువంటివాని మూలమున వెనుక వచ్చువారికి తలుపులు మూతపడును.

ఉదయగిరి, ఆత్మకూరుల ఉపాధ్యాయులకు ఒక విన్నపము: పదవ తరగతి పరీక్షలు ముగిసి ఫలితములు వెలువడుటకు ముందు దొరకు ఆ వేసవి దినములలో, కళాశాలల ప్రకటనలు ఇంటింటికి చేరకమునుపే, మీ విద్యార్థులను ఇద్దరిద్దరినిగా ఒక పనివారికడకో, ఒక అధికారికడకో పంపుడు.