వేళలకు వచ్చిన పేర్లు: ఇంటిపని, పాట, పాత వినోదములు

కాలమును కొలుచుటకు మన పూర్వులు విఘడియ, ఘడియ, జాము అను మానముల నేర్పరచిరి. 60 విఘడియలు ఒక ఘడియ. 60 ఘడియలు ఒక అహోరాత్రము. నేటి లెక్కకు ఘడియ యనగా 24 నిమిషములు. ఇది పంచాంగకర్తల లెక్క. తెల్లవారకమున్నే లేచి వాకిలి యూడ్చి, పొయ్యి రాజేసి, రొట్టెలు కాల్చి, చేనికిపోయి వచ్చి, దీపము పెట్టి పరుండు గృహిణికి ఈ లెక్కతో అంతగా పని లేదు. ఆమెకు వేళ యనగా ఆ వేళ చేయు పని. పని పేరే కాలము పేరైనది. పిమ్మట నొక కాలమున ఆ పెత్తనము పని చేతినుండి వినోదము చేతికి పోయినది. ఆ మార్పు ఎట్లు జరిగినదో, భాషపై దాని జాడ ఎట్టిదో ఈ వ్యాసమున పరిశీలింపబూనుచున్నాము.

ఇందుకు మేము హయత్‌నగరు ప్రాంతమును ఎన్నుకొనుటకు కారణము కలదు. హైదరాబాదునుండి విజయవాడకు పోవు మార్గమున దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు దాటిన పిదప వచ్చు నీ యూరికి ఆ పేరు మహమ్మద్ కులీ కుతుబ్‌షా కుమార్తెయు, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లియునైన హయాత్ బక్షీ బేగమునుబట్టి వచ్చినది. గోలకొండనుండి మచిలీపట్టణమునకు పోవు పాతదారిపై నున్నందున ఇచట మసీదును, బాటసారులకు సరాయియు, ఏనుగుబావి యని పిలువబడు పెద్దబావియు వెలసినవి. చుట్టునున్నది మెట్టనేల. కేంద్ర మెట్టవ్యవసాయ పరిశోధన సంస్థ వారి పరిశోధనా క్షేత్రము ఇచటనే యుండుటనుబట్టియు ఈ భూమి స్వభావము తెలియుచున్నది. ఇట్టి యూరు నేడు మహానగరములో కలిసిపోయినది. జొన్నరొట్టె దినచర్యనుండి దూరదర్శన దినచర్యకు జరిగిన ప్రయాణ మంతయు ఇచట ఒక్క ఇంటిలోనే, అవ్వ మాటలోను మనుమరాలి మాటలోను వినదగి యున్నది.

మొదట పని పెట్టిన పేర్లను చూతము. కోడికూత వేళ, సానిపి చల్లు వేళ, పాలు పిదుకు వేళ, అంబటివేళ, పసులు మళ్ళు వేళ, దీపాల వేళ. సానిపి యని తెలంగాణమున ననునది కోస్తా జిల్లాలలో కళ్ళాపి యగును. పని యొకటే, పేరు వేరు. వీనిలో మిక్కిలి విచారణార్హమైనది అంబటివేళ. జనుల నోట ఇది అంబటేళ, అంబటాళ్ళ అనియు వినవచ్చును. అంబలి త్రాగు వేళ యని యర్థము. ప్రొద్దెక్కిన పిదప, ఎండ ముదరకమున్ను వచ్చు కాలము. రాయలసీమలో అంబటి పొద్దు అందురు. అంబలి శబ్దము ఇచట అంబటి యగుట వ్యాకరణసమ్మతమే. వాకిలి వాకిటి యైనట్లు, రోకలి రోకటి యైనట్లు, ఔపవిభక్తికమువలన అంబలి అంబటి యైనది. బాలవ్యాకరణమును వల్లించు విద్యార్థి వాకిటి, రోకటి రూపములనే ఉదాహరించి ఊరకుండును. తన యింటి ముసలమ్మ నోటనే మూడవ యుదాహరణము జీవించియున్నదని గుర్తింపడు.

రేపు అను మాట చరిత్రయు ఇట్టిదే. ప్రాచీన భాషలో అది ప్రాతఃకాలవాచకము, మాపు సాయంకాలవాచకము. నేడు రేపనగా మరునాడు. నిద్రించి లేచిన పిదప మొదట కంటబడు వేళయే మరునాటికి పేరైనది. జర్మను భాషలో మోర్గెన్ అను నొకే శబ్దము ఉదయమునకును రేపటికిని చెల్లుట దీనికి సరిపోలు దృష్టాంతము. గోధూళివేళ యను సంస్కృత సమాసమైనను పసుల కాపరి పనినుండి పుట్టినదే. హోమరు కావ్యములలో ఎద్దుల కాడి విప్పు వేళ యని సాయంకాలము చెప్పబడినది. ఇంగ్లీషు చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1967లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసమున మడగాస్కరువారు అరగంటను అన్నము వండునంత సేపు అని చెప్పుకొందురని వ్రాసెను. మనవారును చుట్ట కాల్చునంత సేపు అనుచునే యున్నారు.

ఇక పాట. రోట దంచునపుడు ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగ నిలిచి ఒకరి తరువాత నొకరు పోటు వేయుదురు. పోటుకును పోటుకును నడుమ విరామము కలదు. అందుచే దంపుడు పాటలో పాదము చిన్నది. సువ్వి యను పల్లవి ఊపిరి తీసికొనుటకు తావిచ్చును. తెలంగాణమున ఇసుర్రాయి యనబడు తిరుగలి యట్లు కాదు. అది ఆగక తిరుగును. పాటయు ఆగక సాగవలెను. కావున తిరుగలి చెంత కథాగేయములు, దీర్ఘగేయములు నిలిచినవి. తాళ్ళపాక అన్నమాచార్యులు 15వ శతాబ్దమున సువ్వి పాటల మట్టును స్వీకరించి స్వామికి సమర్పించెననిన, ఈ పనిపాటల గతి యెంత బలమైనదో ఊహింపవచ్చును. ఆచార్య బిరుదురాజు రామరాజుగారు 1958లో వెలువరించిన తెలుగు జానపద గేయ సాహిత్యము మనకీ విషయమున రాజమార్గము వేసినది. ఆ పిదప వచ్చిన సంకలనములు పెక్కింటిలో పాట యున్నది గాని పని లేదు; ఏ పనికి ఏ చేయి ఎటు కదలుచుండగా పాడిరో సేకర్త వ్రాసికొనలేదు. చేతి కదలిక తెలియనిదే పాదము పొడవునకు హేతువు చెప్పుట కష్టము. ఇది చిన్న లోపము కాదని మా యభిప్రాయము.

ఈ పాటలను గూర్చి మరియొక లక్షణము గమనింపదగును. అవి క్రొత్తవి కావు. దంచువారందరికిని అవి ముందే వచ్చును. వచ్చిన పాట గనుకనే మనస్సు దానిపై నిలుపనక్కరలేదు. చేయి పనిపై నుండగా నోరు దారి తప్పక సాగిపోవును. ఈ మాట మరల నవసరమగును.

పనికి పాట తోడు. అయిన ఆట, అనగా ప్రదర్శనము, పనికి తోడు కాదు. తోలుబొమ్మలాట, వీధిభాగవతము, చిందు యక్షగానము, ఒగ్గుకథ మొదలగునవి పంటలు ఇల్లు చేరిన పిదపనో, జాతరలకో వచ్చునవి. తరచు రాత్రియంతయు సాగును. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రము పర్వత ప్రకరణమున శ్రీశైల యాత్రికుల నడుమ వర్ణించిన ఆటపాటలు శివరాత్రినాటి మహోత్సవమునకు చెందినవి. అనగా పూర్వము ప్రదర్శనము ఋతువునకు గుర్తు. పని వేళకు గుర్తు. ఈ భేదము ముఖ్యమైనది.

దీనికి ఎదురుగ క్రీడాభిరామము కనబడునని కొందరు తలంపవచ్చును. వినుకొండ వల్లభరాయని పేర నున్న ఈ వీథి రూపకమున మంచనశర్మయు, టిట్టిభసెట్టియు ఒక్క దినమున ఓరుగంటి వీథు లన్నియు తిరుగుదురు. ఏకవీర కథయు, పల్నాటి వీరుల కథయు విందురు. పూటకూళ్ళయింట రూక యిచ్చి భుజింతురు. పొట్టేళ్ళ పోరును, కోడిపందెమును చూతురు. ఇచట దినమంతయు వినోదముచేతనే విభజింపబడినది, నిజమే. అయితే ఈ మిత్రు లిరువురకును ఆనాడు పని లేదు! వారి చుట్టునున్న ఊరు పనిలోనే యున్నది. పనిలేని వానికి మాత్రమే వినోదము గడియారమగునని కావ్యమే చెప్పకయే చెప్పుచున్నది. పనివారి దినము కావలసినవారు ఆముక్తమాల్యదలోని వర్షర్తు వర్ణనము చూడవలెను. నిప్పుకై ఇల్లిల్లు తిరుగుట, తడిసిన కట్టెలు మండక పొగలో వంట సాగించుట అచట రాయలవారు ఎట్లు చూచిరో, రాజునకు వంటయింటి కష్టము ఎట్లు తెలిసెనో యని నేటికిని మాకు విస్మయము.

ప్రతిదినము, అదే వేళకు, ఇంటిలోనికే వినోదమును తెచ్చినది రేడియో. మద్రాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను ప్రారంభమైనవి. హైదరాబాదులోని దక్కను రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసినది. ఉదయమున భక్తిరంజని, నియమితవేళకు వార్తలు, రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల పిల్లల కార్యక్రమము, ఉషశ్రీగారి పురాణ ప్రవచనములు శ్రోతల నిత్యజీవితములో చేరినవి. వార్తల వేళకు పొయ్యి దింపితిని అను వాక్యము తెలుగున పుట్టినది. అంతకుముందు పని చెప్పుచుండిన వేళను ఇపుడు వినోదము చెప్పసాగినది. అయినను రేడియో చెవినే కోరును. చేతులను, కన్నులను పనికి విడిచిపెట్టును. ఇంతలో ఊరూర పిండి గిర్నీలు వచ్చి ఇసుర్రాతిని మూలకు చేర్చినవి. పాట పోయిన చోట రేడియో కూర్చుండినది.

దూరదర్శనము కన్నును కోరినది. హైదరాబాదు కేంద్రము 1977లో మొదలైనది. రామానంద సాగరుగారి రామాయణము 1987 జనవరి 25నుండి 1988 జూలై 31 వరకు ఆదివారము ఉదయమున ప్రసారమైనపుడు స్నానము, వంట దానికి ముందో వెనుకకో జరిగినవి. పని తన వేళను వదలుకొన్నది. 1995 ఆగస్టులో ఈటీవీ ప్రసారములు ప్రారంభమైనవి. మరుసటి యేడు హయత్‌నగరు దాటిన పిదప అదే విజయవాడ మార్గమున రామోజీ ఫిల్మ్ సిటీ వెలసినది. జొన్నచేల ప్రాంతమే తెలుగు వినోదమునకు ఉత్పత్తిస్థానమైనదన్నమాట. దినమున కొక భాగముగ సాగు ధారావాహికలు వచ్చిన పిదప సీరియలు వేళ యను సమాసము స్థిరపడినది. దీపాల వేళ యని అవ్వ యనుచోట కోడలు సీరియలు వేళ యనును. రెండును ఇంచుమించు ఒకే కాలము. వ్యవహార మొక్కటే మారినది. శుద్ధభాషాభిమానులు ఈ సమాసమును చూచి ముఖము చిట్లింతురు. మేమట్లు చేయము. అంబటివేళ యే సూత్రమున పుట్టినదో ఇదియు ఆ సూత్రముననే పుట్టినది.

అయితే దీని ఆయువు స్వల్పమైనది. నేడు చరవాణిలో ఏ కార్యక్రమమైనను కోరిన క్షణమున లభించును. కోరినపుడు వచ్చునది వేళకు పేరు కాజాలదు. 1996లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు ఆరంభించిన పాడుతా తీయగా నాటి భాగములను, నాటి హాస్య కార్యక్రమములను, పాత ధారావాహికలను వంటయింటి గట్టుపై డబ్బాకు ఆనించిన చరవాణిలో పెట్టుకొని కూరలు తరుగువారు, గిన్నెలు తోమువారు, కుట్టుపని చేసికొనువారు ఎందరో కలరు. వారా తెరను చూచుట అరుదు. క్రొత్త కథయైన చూడవలెను. ఇది ముందే చూచినది, తరువాతి మాట ముందే తెలిసినది. చేయి పనిలో నుండగా చెవి దాని వెంట సాగిపోవును. పాత వినోదముపై మమకారమును గతస్మృతియని మాత్రమే వ్యాఖ్యానించుట చాలదని మే మనుటకు ఇదియే కారణము. కన్నును కోరిన ప్రదర్శనము పాతబడి, కంఠస్థమై, మరల రోకటిపాట స్థానమునకు వచ్చినది. అవ్వ రోకటి చెంత పాటను ఎట్లు వాడుకొన్నదో మనుమరాలు పాత కార్యక్రమమును అట్లే వాడుకొనుచున్నది.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తిపదకోశములలో మొదటిది 1962లో వ్యవసాయమునకును, రెండవది 1971లో చేనేతకును వచ్చినవి. ఆ పద్ధతినే ఇంటిపనికిని అన్వయింపవలెను. హయత్‌నగరు వంటి యూళ్ళలో ఇసుర్రాయి త్రిప్పిన చేతులు ఇంకను కొన్ని మిగిలియున్నవి. అంబటేళ యను మాట వారితోడనే యున్నది. పరిశోధక విద్యార్థి అట్టివారియొద్ద కూర్చుండి తెల్లవారినది మొదలు పరుండువరకు గల వేళల పేర్లను వారు చెప్పిన వరుసలోనే వ్రాసికొనవలెను. ప్రతి పేరుకు ఎదుట ఆ వేళ చేయు పని, చేత నున్న పనిముట్టు, వినబడు పాటయో ప్రసారమో గుర్తింపవలెను. అదే యింటిలోని కోడలిని, మనుమరాలిని వేర్వేరుగ నడుగవలెను. ముగ్గురి పట్టికలను ప్రక్కప్రక్కన నుంచినపుడు ఒకదానిలో పేరున్న వేళకు మరియొకదానిలో ఖాళీ కనబడును. ఆ ఖాళీని గడియారపు అంకెతో పూరింపక, ఉన్నదున్నట్లు విడిచిపెట్టవలెను.