కొండమీదికి నలభై సెకన్లు

పిల్లవాడికి మూడు చక్రాల సైకిలు కొనిపెట్టిన మర్నాడే వాడు దాన్ని గోడకు గుద్ది, మోకాలు చెక్కుకొని రావడం ప్రతి ఇంటా చూస్తున్నదే. వేగం మీద మోజు పుట్టుకతో వచ్చేది. "నెమ్మదిగా పోరా నాయనా" అని తల్లి వాకిట్లో నిలబడి కేక వేసినంత మాత్రాన అది తగ్గదు. తగ్గనప్పుడు దానికొక కంచె కట్టి, కాపలా పెట్టి, ఎదుట గడియారం ఉంచి "ఇక్కడ తీర్చుకో" అనడమే మంచిది గదా! ఇంగ్లండులో మోటారు కార్ల సరదా గలవారు నూరేళ్ళకు పైగా చేస్తున్న పని ఇదే. కొండదారిన జరిగే పందేన్ని వాళ్ళు హిల్ క్లైంబ్ అంటారు. చదును నేలమీద జరిగేదాన్ని స్ప్రింట్ అంటారు.

రెండింటికీ సూత్రం ఒక్కటే. కార్లన్నీ ఒక్కమారుగా బయలుదేరి, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోవడం ఇందులో లేదు. గడియారానికి ఎవరి పరుగు వారిదే. బయలుదేరినచోటినుంచి గమ్యం వరకు పట్టిన కాలాన్ని సెకనులో నూరోవంతు వరకు లెక్క కడతారు. తక్కువ కాలంలో చేరినవారిదే గెలుపు. వచ్చేవారిలో చాలామంది వారమంతా ఆఫీసులోనో, వర్కుషాపులోనో పని చేసుకునే మామూలు మనుషులు. తమ కారులో తామే వచ్చి, పందెంలో పాల్గొని, సాయంత్రం అదే కారులో ఇంటికి పోయేవారు వారిలో ఎందరో ఉంటారు.

విరిగిన కాలు తెచ్చిన మార్పు

తొలిరోజుల్లో ఈ పందేలు అందరూ నడిచే రోడ్లమీదనే జరిగేవి. జనం దారికి ఇరుపక్కలా బారులు తీరి నిలబడేవారు. 1925 మార్చిలో బకింగ్‌హాంషైర్‌లోని కాప్ హిల్ అనేచోట ఒక కారు అదుపు తప్పి, చూడవచ్చిన వారిమీదికి పోయింది. ఒకరి కాలు విరిగింది. అంతటితో రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారు, బహిరంగ రహదారులపై పందేలకు ఇక అనుమతి లేదని తేల్చేశారు.

ఆ కట్టడి వల్ల చెక్కుచెదరనిది షెల్స్‌లీ వాల్ష్. వూస్టర్‌షైర్‌లో పొలాల మధ్య ఉన్న స్వంత దారి అది. మిడ్‌లాండ్ ఆటోమొబైల్ క్లబ్బువారు 1905 ఆగస్టు 12న అక్కడ మొదటి పందెం పెట్టారు. అప్పుడు దారి పొడవు 992 గజాలు. ఎర్నెస్ట్ ఇన్‌స్టోన్ తన డైంలర్ కారులో 77.6 సెకన్లలో పైకి చేరి గెలిచాడు. 1907 నుంచి పొడవు సరిగ్గా వెయ్యి గజాలు. ఈ కాస్త దూరంలో దారి 328 అడుగుల ఎత్తు ఎక్కుతుంది. ఆ కొండపైనే 2008లో మార్టిన్ గ్రోవ్స్ అనే ఆయన ఒంటి సీటు రేసు కారులో 22.58 సెకన్లలో పైకి చేరాడు. నిలబడ్డచోటినుంచి బయలుదేరి, ఎత్తుమీదికి, సగటున గంటకు 145 కిలోమీటర్ల పైచిలుకు! అయితే కొత్తగా చేరినవారు ఈ అంకె చూసి బెదరనక్కరలేదు. రోడ్డుమీద తిరిగే చిన్న స్పోర్ట్స్ కారు అదే కొండను నలభై సెకన్ల ప్రాంతంలో ఎక్కిందంటే, దానిని నడిపినవాడు తలెత్తుకుని తిరగవచ్చు.

దంతవైద్యుని కొడుకు

గ్లాస్టర్‌షైర్‌లో ప్రెస్కాట్ అని మరొక పేరుపొందిన కొండ ఉన్నది. బుగాట్టి కార్ల యజమానుల క్లబ్బువారు 1937లో ఆ ఎస్టేటును కొని, 1938 నుంచి పందేలు నడుపుతున్నారు. 1948లో అక్కడికి 18 ఏళ్ళ కుర్రవాడొకడు, గుర్రాలను తరలించే బండిలో చిన్న కూపర్ కారును పెట్టుకొని వచ్చాడు. తండ్రి దంతవైద్యుడు, కొడుకును కూడా దంతవైద్యుణ్ణి చేయాలని ఆయన కోరిక. కుర్రవాడు పళ్ళ జోలికి పోలేదు. అతడే తరువాత పదహారు గ్రాండ్ ప్రీ పందేలు గెలిచిన స్టిర్లింగ్ మాస్.

ఆడవారికి ఇందులో ప్రవేశం ఉన్నదా అని అడుగుతారేమో! 1970లో బ్రిటనులో స్ప్రింట్ పందేలకు జాతీయ ఛాంపియన్‌షిప్ మొదలైంది. ఆ మొదటి ఏడు ఛాంపియన్‌గా నిలిచింది పాట్సీ బర్ట్ అనే మహిళ. ఆడవారికి వేరే పోటీ పెట్టి ఇచ్చిన బహుమతి కాదు సుమా, మగవారందరితో పోటీపడి గెలుచుకున్నది. ఒకే కారును ఇద్దరు నడపడానికి కూడా ఈ పందేల్లో వీలున్నది. భార్యాభర్తలు, తండ్రీకొడుకులు ఒకే కారులో ఒకరి తరువాత ఒకరు కొండ ఎక్కి, "నీకంటె నాకు అరసెకను తక్కువ" అని భోజనాల దగ్గర వాదులాడుకోవడం అక్కడ మామూలు.

ఏ కారు కొనాలి?

స్పోర్ట్స్ కారు అంటే ఖరీదైన కారనే అర్థం లేదు. రెండు సీట్లు, తక్కువ ఎత్తు, తక్కువ బరువు, చెప్పినట్టు వినే స్టీరింగు, ఇవి ఉంటే చాలు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్, 1958లో వచ్చిన ఆస్టిన్ హీలీ స్ప్రైట్, 1989లో వచ్చిన మాజ్డా ఎమ్ ఎక్స్ 5, ఇలాంటి కార్లతోనే ఎందరో ఓనమాలు దిద్దారు. కార్లను ఇంజను పరిమాణాన్ని బట్టి, చేసిన మార్పులను బట్టి తరగతులుగా విడదీస్తారు గనుక, చిన్న కారువాడు పెద్ద కారువానికి భయపడనక్కరలేదు. తన తరగతిలో తనవంటివారితోనే పోటీ.

కొత్తవారు సాధారణంగా చేసే పని, కారు కొన్న వారానికే ఇంజను బలం పెంచడానికి డబ్బు తగలెయ్యడం. అనుభవజ్ఞులు చెప్పే వరస వేరు. మొదట బ్రేకులు బాగు చేయించు. రెండవది మంచి టైర్లు. మూడవది పాఠం: ప్రెస్కాట్‌లో గాని, షెల్స్‌లీలో గాని డ్రైవర్లకు బడి నడుపుతారు, ఒకరోజు అక్కడ గడుపు. ఇంజను సంగతి చివర. ఎందుకంటే నడపడం రానివాడికి బలమైన ఇంజను ఇస్తే, వాడు తప్పులు ఇంకా త్వరగా చేస్తాడు, అంతే.

పందెం రోజు

ముందుగా ఏదైనా క్లబ్బులో సభ్యత్వం, పోటీ లైసెన్సు కావాలి. తొలిమెట్టు లైసెన్సు సంపాదించడం పెద్ద శ్రమ కాదు. తలకు నిర్ణయించిన రకం హెల్మెట్టు, ఒంటికి మంటకు తట్టుకునే దుస్తులు ఉండాలి. కారు ముందుభాగాన నిలువుగా ఒక నల్లని పట్టీ బిగించాలి. పది అంగుళాల పొడవు, రెండు అంగుళాల వెడల్పు ఉండే ఈ పట్టీ కాంతికిరణాన్ని అడ్డగించినప్పుడే గడియారం కదులుతుంది. బ్యాటరీ ఎర్తు తీగకు పసుపు గుర్తు, ఇంజను ఆపే స్విచ్చి ఎటు తిప్పాలో తెలిపే గుర్తు ఉండాలి. ఆపద వేళ పరుగెత్తి వచ్చినవాడు వెతుక్కోకూడదు గదా!

ఉదయం పరీక్షకులు కారును కింద, మీద చూస్తారు. ఆ లోపల మీరు చేయవలసిన పని, కారు దిగి కొండ నడిచి ఎక్కడం. కారులోనుంచి చూసిన దారి వేరు, కాలినడకన చూసిన దారి వేరు. ఏ మలుపు దగ్గర చెట్ల నీడ పడి తడి ఆరలేదు, ఎక్కడ ఇసుక రాలి ఉన్నది, మలుపు లోపలి అంచు ఎక్కడ మొదలవుతుంది, ఇవన్నీ కాళ్ళే చెబుతాయి. తరువాత కారులోనుంచి స్టెప్నీ, జాకీ, చాపలు, సీటు కింద దొర్లే సీసాలు తీసి పక్కన పెట్టండి.

ముందు అభ్యాసపు పరుగులు, ఆపైన లెక్కకు వచ్చే పరుగులు. మీ వంతు వస్తుంది. కారు వెనక్కు జారకుండా చక్రం వెనుక ఒకరు దిమ్మ పెడతారు. ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఇక్కడే ఒక చక్కని ఏర్పాటు ఉన్నది. దీపం వెలగగానే దూకనక్కరలేదు. మీ కారు కదిలినప్పుడే కాలం మొదలవుతుంది. కనుక ఊపిరి పీల్చుకోండి. గుండె దడ తగ్గాకనే క్లచ్చి వదలండి.

ఆక్సిలరేటరు మరీ నొక్కితే చక్రాలు ఉన్నచోటనే తిరుగుతాయి. తక్కువ నొక్కితే ఇంజను నీరసపడుతుంది. మొదటి 64 అడుగులకు పట్టిన కాలాన్ని వేరుగా కూడా చూపుతారు. ఆ కాగితం చూస్తే ఆరంభంలో మీరెంత పోగొట్టుకున్నారో తెలిసిపోతుంది. షెల్స్‌లీలో కెన్నెల్ మలుపు, క్రాసింగ్ దాటాక ఎస్ ఆకారపు జంట మలుపులు వస్తాయి. బ్రేకు మలుపులో కాదు, మలుపుకు ముందే, కారు తిన్నగా ఉన్నప్పుడే వేయాలి. ఎత్తుమీద కారు బరువు వెనుక చక్రాలమీదికి పోతుంది. ముందు చక్రాలు తేలికపడి స్టీరింగు మాట వినడం తగ్గుతుంది. పైగా ఒకసారి పోయిన వేగం ఎత్తుమీద తిరిగి రావడం కష్టం. అందుకే కొండపై గెలిచేది దూకుడు కాదు, నునుపుతనం.

భయం ఉండవలసిందే

ఇది పిల్లల ఆట కాదని కూడా చెప్పాలి. సర్క్యూట్లలో ఉన్నట్టు ఇక్కడ దారి పక్కన విశాలమైన ఖాళీ జాగా ఉండదు. చెట్టు చెట్టే, గట్టు గట్టే. టైర్లు, బ్రేకులు చల్లగా ఉండగానే మొదటి మలుపు వస్తుంది; అవి వేడెక్కేలోపల పరుగే అయిపోతుంది. మామూలు కారు బీమా పందెంలో జరిగిన నష్టానికి వర్తించదు. కారు నుజ్జయితే ఆ ఖర్చు మన జేబులోదే. అందుచేత మొదటి ఏడాదికి ఒక నియమం పెట్టుకోవడం మేలు. పోగొట్టుకుంటే ఇంట్లో పొయ్యి ఆరిపోయేటంత ఖరీదు కారుతో పందేనికి దిగకూడదు. ప్రతి పరుగులోనూ గత పరుగుకంటె కొంచెం తగ్గించుకోవాలి గాని, ఒక్కసారిగా అయిదు సెకన్లు తగ్గించాలని చూడకూడదు. పక్కవాడి కాలం చూసి ఉడుక్కున్నవాడు మలుపు తప్పుతాడు. తన కాలం తాను చూసుకున్నవాడు మళ్ళీ ఆదివారానికి తిరిగి వస్తాడు.

మనవైపు సంగతి

ఇంగ్లండులో యుద్ధకాలపు విమానాశ్రయాలు స్ప్రింట్ పందేలకు పనికివచ్చినట్టే, మన మద్రాసు పక్కన షోలవరం విమానరంగం కూడా పనికివచ్చింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు అక్కడ నడిపిన పందేలను చూడడానికి తెలుగువారు కూడా పోయేవారు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోటలో వారి సర్క్యూటు తెరుచుకుంది. పోటీ లైసెన్సులు ఇచ్చే సంస్థ, మోటారు పందేల క్లబ్బుల జాతీయ సమాఖ్య, మనకూ ఉన్నది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో పందెం వేయడం నేరం. తిరుమల ఘాట్ రోడ్డుమీద బస్సు మలుపు తిరుగుతుంటే కిటికీ పక్కన కూర్చున్నవారి గుండె ఎలా జారుతుందో అందరికీ తెలుసు. అటువంటి రోడ్డుమీద ఎదురుగా వచ్చేవారి ప్రాణం కూడా మన చేతిలోనే ఉంటుంది. కాప్ హిల్ దగ్గర విరిగిన కాలు నేర్పిన పాఠం అదే.

కనుక మీ ఇంట్లో కుర్రవాడు అర్ధరాత్రి ఖాళీ రోడ్డుమీద బండి పరుగెత్తిస్తున్నాడని తెలిస్తే, తాళం దాచిపెట్టి ఊరుకోకండి. తాళం మరొకటి చేయించుకోగలడు. దారి మూసి, కాపలావారు జెండాలు పట్టుకొని నిలబడిన చోటికి వాణ్ణి ఒకసారి తీసుకుపోండి. అక్కడ గడియారం ముందు నిలబడి తన అంకె తాను చదువుకున్నాక, తనకు ఇంకా నడపడం రాదన్న సంగతి వాడికే తెలుస్తుంది. అది తండ్రి చెప్పినదానికంటె ఎక్కువ పనిచేస్తుంది.